అలలు లేని చోటు

మా నల్లగొండను ఆనుకుని పానగల్లు చెరువుంది. దాని అసలు పేరు ఉదయ సముద్రం. కందూరు చోడుల నాటి చెరువు అది. ఆ వంశపు ఉదయ రాజు పేరే దానికి నిలిచింది. ఇప్పుడు కృష్ణ నీళ్లు ఎత్తిపోతల ద్వారా అక్కడికి వచ్చి చేరుతున్నాయి, మా పట్నం తాగేది ఆ నీళ్లే. చిన్నప్పుడు కార్తీక సోమవారం ఛాయా సోమేశ్వరుడి గుడికి పోయినప్పుడల్లా ఆ చెరువు కట్ట ఎక్కి నిలబడేదాన్ని. పొద్దున్నే మంచు కమ్మి అవతలి ఒడ్డు కనిపించేది కాదు. సముద్రమంటే ఇదే అనుకునేదాన్ని.

దగ్గరలో సముద్రం లేనందుకేనేమో, మా తెలంగాణలో పెద్ద చెరువులకు సముద్రమని పేరు పెట్టుకున్నారు. కేసముద్రం లాగా ఊళ్ల పేర్లు కూడా అట్లాగే వచ్చాయి. పేరు పెట్టుకుంటే తప్పేం లేదు. కానీ చెరువు దగ్గర నేర్చుకున్న లెక్కలు పట్టుకుని నిజం సముద్రంలోకి దిగితే ప్రాణాల మీదికి వస్తుంది. పోయిన డిసెంబర్ ఆఖరి వారంలో మా ఇంటివాళ్లం సరిగ్గా ఆ పనే చేశాం. అందరం క్షేమంగా ఇంటికొచ్చాం కాబట్టి నిమ్మళంగా కూర్చుని ఇది రాయగలుగుతున్నాను. ఈ చలికాలం కూడా మా వైపు నుంచి ఎన్నో బండ్లు సముద్రం దారి పడతాయి. వాళ్లలో కొందరైనా బయల్దేరే ముందు ఇది చదవాలని నా కోరిక.

మా చెల్లె, మరిది, ఇద్దరు పిల్లలు సెలవులకు పూణె నుంచి వచ్చారు. మరిది దోస్తు కుటుంబం, నలుగురు, హైదరాబాదు నుంచి వచ్చి కలిశారు. ఇంట్లో నేను, మా ఆయన, మా అబ్బాయి, అమ్మ. పన్నెండు మందిమి. చుట్టాలొస్తే తిప్పడానికి మాకు నాగార్జున సాగర్ ఉంది. పానగల్లు గుళ్లు ఉన్నాయి. అవన్నీ చూసినవే. పిల్లలు సముద్రం అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి ఇంతవరకు సముద్రం చూడలేదన్న సంగతి ఆ రాత్రి దాకా మాలో ఎవరికీ తట్టలేదు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది.

అమ్మకు తెలిసిన సముద్రం రేడియోలో విన్నదే. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది ఒక్కరోజులో కొట్టుకుపోయారు. "ఊర్లకు ఊర్లే పోయినయట బిడ్డా, పిల్లజెల్లతోని" అని చిన్నప్పుడు మాకు చెప్పేది. బయల్దేరే ముందు ఆమె అడిగింది ఒక్కటే: "గిప్పుడేం రాదు గదా?"

రాదని అందరం నవ్వాం. డిసెంబర్ ఆఖరు, తుఫానుల కాలం దాదాపు అయిపోయింది, వాతావరణ శాఖ హెచ్చరికలేమీ లేవు. అంతవరకు మా లెక్క సరైనదే. కానీ సముద్రం మనిషిని తీసుకుపోవడానికి తుఫాను అక్కరలేదని ఆ పన్నెండు మందిలో ఒక్కరికీ తెలియదు.

రాత్రి రెండింటికి కిరాయి బండిలో బయల్దేరాం. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద మిర్యాలగూడ, దామరచర్ల దాటి వాడపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కాం. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. మంచు ఎంత దట్టంగా ఉందంటే డ్రైవర్ నడక వేగంతో దాటించాడు. అక్కడి నుంచి పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, బాపట్ల. మొత్తం రెండువందల కిలోమీటర్లు దాటుతుంది. సముద్రంలోంచి సూర్యుడు వచ్చేది చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాను, మంచు వల్ల కుదరలేదు. బాపట్ల దగ్గరి సూర్యలంక సముద్రపు ఒడ్డు చేరేసరికి ఏడున్నర. సరుగుడు చెట్ల మధ్య నుంచి ఎండ అప్పటికే ఇసుక మీద పడుతోంది.

మేమంతా స్వెట్టర్లతో, శాలువాలతో దిగాం. పిల్లలు పరిగెత్తుకుపోయి కాళ్లు తడుపుకుని, "నీళ్లు వెచ్చగున్నయి!" అని కేకలు. నిజమే. నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం వేడిని మెల్లగా వదులుతుంది. చలికాలం పొద్దున గాలికంటే నీళ్లే వెచ్చగా తగులుతాయి. మా ఇంటి సంపులో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయే నెలలో, ఇక్కడ నీళ్లలోంచి బయటికి రాబుద్ధి కాదు. మోకాళ్ల దాకా అనుకున్నవాళ్లు నడుము దాకా పోయేది ఇందుకే. చలికాలం సముద్రం నెమ్మదిగా ఉంటుందని నమ్మి వచ్చే మాబోటివాళ్లకు ఆ వెచ్చదనం ఇంకో పిలుపు.

మా మరిది దేవరకొండ వైపు ఊళ్లో పెరిగాడు. వీపుకు బెండ్లు కట్టి మోటబాయిలో దుంకించి ఈత నేర్పిన తరం. బాయి గడ్డ మీది నుంచి తలకిందులుగా దుంకి, అడుగు మన్ను పిడికిట్లో తెచ్చి చూపించేవాడట. మా అబ్బాయికి పదమూడేళ్లు, ఈత రాదు. ఈ రోజు నేర్పిస్తానని వాడి చెయ్యి పట్టుకుని నీళ్ల వెంట కొంతదూరం నడిచాడు. మంచి చోటు కోసం వెతుకుతున్నాడు. దొరికింది కూడా. అటూ ఇటూ అలలు తెల్లగా విరిగి పడుతున్నాయి, మధ్యలో ఇరవై ముప్పై అడుగుల మేర మాత్రం అలలు లేవు. నీళ్లు కొంచెం నల్లగా, నునుపుగా ఉన్నాయి. "గీడ మంచిగుంది, గీడ నేర్చుకుందాం పా" అన్నాడు.

నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను. నాకూ అదే మంచి చోటు అనిపించింది. ఆ సంగతి దాచుకోను. మా ఆయన్ను అడిగినా అదే చెప్పేవాడు. మా ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెప్పేవారు.

చెరువు ఎట్లుంటుందో మాకు బాగా తెలుసు. శిఖం వైపు, అంటే కట్టకు ఎదుటి వాలు ఒడ్డు వైపు, లోతు తక్కువ, కట్ట వైపు ఎక్కువ. తూము దగ్గరికి, మత్తడి (అలుగు) దుంకే చోటికి పోవద్దు. నీళ్లు కదలకుండా ఉంటే భయం లేదు. సముద్రపు ఒడ్డు చూస్తే అచ్చం శిఖం లాగానే వాలుగా, మెల్లగా లోతుకు పోతున్నట్టు కనిపిస్తుంది. అందుకే దిగినవాళ్లు చెరువులో లాగానే, కదలిక లేని నీళ్ల కోసం కళ్లతో వెతుకుతారు. మనకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ అలలు లేని జాగానే సముద్రపు తూము.

అది ఎట్లా పనిచేస్తుందో ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను, పిల్లలకు కాగితం మీద గీసి చూపించాను. ఒడ్డుకు కొంత దూరంలో నీళ్ల కింద ఇసుక దిబ్బలుంటాయి. అలలు వచ్చి వాటి మీద విరుగుతాయి, తెల్లని నురగ కనిపించేది అక్కడే. అలా వచ్చి పడిన నీళ్లన్నీ దిబ్బకూ ఒడ్డుకూ మధ్య పోగవుతాయి. అవి తిరిగి పోవాలి కదా. దిబ్బలో ఎక్కడ గండి ఉంటే అక్కడి నుంచి ఒక్క పాయగా లోపలికి పరిగెత్తుతాయి. గండి దగ్గర లోతెక్కువ కాబట్టి అల విరగదు, నురగ ఉండదు, రంగు నల్లగా కనిపిస్తుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. గట్టిగా ఉన్నప్పుడు సెకనుకు రెండు మీటర్లు దాటి కూడా పోగలదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో ప్రపంచ రికార్డు 46.40 సెకన్లు. అంటే సెకనుకు రెండు మీటర్ల చిల్లర. ప్రపంచంలోకెల్లా వేగంగా ఈదేవాడు కూడా దానికి ఎదురీది గెలుస్తాడని చెప్పలేం. మోటబాయి ఈతగాడి మాట ఇక చెప్పేదేముంది.

తుఫాను పోయాక అడుగున దిబ్బలు చోటు మారుతాయి, గండ్లు కూడా మారుతాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది ఈ బాపట్ల దగ్గరే. పోయినేడు వచ్చినప్పుడు ఇక్కడ బాగానే ఉందన్న మాట సముద్రం దగ్గర పనికిరాదు. చెరువు తూము వెయ్యేండ్లయినా కట్టిన చోటే ఉంటుంది. ఇది చోటు మారుతూ ఉంటుంది.

ఇద్దరూ ఆ చోట దిగారు. నడుము లోతు. నేను అమ్మకు కుర్చీ సర్దడానికి వెనక్కి తిరిగి, మళ్లీ చూసేసరికి మరిది ఛాతీ లోతులో ఉన్నాడు. మా అబ్బాయి ఆయన భుజం పట్టుకుని ఉన్నాడు. నడిచి పోయింది కాదు. కాళ్ల కింద ఇసుక జారుతూ ఉంటే నిలదొక్కుకునేలోపే నీళ్లు అంత దూరం జరిపాయి. మరిది చేసిన మంచి పని ఒకటే, దానికి జన్మంతా ఋణపడి ఉంటాను. పిల్లవాణ్ణి పక్కకు, తెల్లగా అలలు విరిగే వైపు బలంగా తోశాడు. వాడికి అక్కడ కాళ్లు అందాయి. ఒక అల వచ్చి వాణ్ణి ఒడ్డు వైపు ఎత్తి పడేసింది. ఆ విసురులో మరిది మరింత లోపలికి పోయాడు.

ఆ తర్వాత అందరూ చేసే తప్పే చేశాడు. ఒడ్డుకు ఎదురుగా ఈదడం మొదలుపెట్టాడు. బలమైన మనిషి. చేతులు ఆడుతూనే ఉన్నాయి, మనిషి మాత్రం వెనక్కే పోతున్నాడు. మా ఆయన ప్యాంటుతోనే నీళ్లలోకి ఉరికాడు. అక్కడికి దగ్గరలో అలివి వల లాగుతున్న జాలర్లు ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దాయన వచ్చి మా ఆయన కాలర్ పట్టి వెనక్కి గుంజాడు. "మీరు దిగితే ఇద్దర్ని తియ్యాలండి!" అని గద్దించి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు అరిచాడు: "ఒడ్డుకు రామాకండి! అడ్డంగా ఈదండి, అడ్డంగా!"

ఒడ్డుకు రావద్దు అన్న మాట నా చెవిన పడగానే నా గుండె ఆగినంత పనైంది. అదే ప్రాణం కాపాడిన మాట. ఆ పాయ ఇరవై ముప్పై అడుగుల వెడల్పే. ఒడ్డుకు సమానంగా, పక్కకు ఈదితే దాని నుంచి బయటపడతాం. అప్పుడు అలలే మనిషిని ఒడ్డుకు తోస్తాయి. ఈదే ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి సైగ చెయ్యాలి. అది మనిషిని లోపలికి లాగుతుందే తప్ప అడుగుకు ముంచదు. చాలామంది పోయేది ఎదురీది ఎదురీది అలిసిపోవడం వల్లే. మరిదికి ఆ అరుపు వినిపించింది, పక్కకు తిరిగాడు. ఇద్దరు కుర్రాళ్లు లారీ ట్యూబు తీసుకుని పక్కవైపు నుంచి దిగారు. మేం నిలబడ్డ చోటికి దాదాపు వంద అడుగుల దూరంలో ఒడ్డుకు వచ్చి పడ్డారు. అంతా కలిపి అయిదారు నిమిషాలు.

ఆ పెద్దాయన మమ్మల్ని తిట్టలేదు. ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగాడు. నల్లగొండ అన్నాం. "పైనుంచి వచ్చేవాళ్లంతా ఆ నల్లనీళ్లలోకే పోతారండి. పాటు వేళ ఇంకా లాగుద్ది. దిగే ముందు మమ్మల్ని ఒక్క మాట అడిగితే చెబుతాం గదా" అన్నాడు. నీళ్లు వెనక్కి తీసే వేళను వాళ్లు పాటు అంటారు. ఆటుపోట్లు చంద్రుడి ఆకర్షణ వల్ల వస్తాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను నేను. ఇది పోటు వేళో పాటు వేళో ఎవరినైనా అడగాలని మాత్రం నాకు తోచలేదు.

మా పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు, ఒకరిని కాపాడబోయి ఇంకొకరు, వాళ్ల కోసం మూడోవాళ్లు. చెరువుల్లో, సాగర్ కాలువలో అదే కథ. ఆ కాలర్ పట్టిన చెయ్యి లేకపోతే మా ఇంటి పేరు కూడా ఆ వార్తల్లో ఉండేది. దూకకుండా, తేలే వస్తువు ఏదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ మా బండిలోనే ఉంది, ఎవరికీ గుర్తు రాలేదు. మావాళ్లెవరూ ఆ పొద్దున తాగి లేరు. తాగి ఉంటే మరిదికి పిల్లవాణ్ణి పక్కకు తొయ్యాలన్న తెలివి ఉండేది కాదు. సముద్రం దగ్గరికి సీసాలు మోసుకుపోయే మగవాళ్లకు ఇంట్లో ఆడవాళ్లు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గొడవైనా సరే చెప్పాలి.

మధ్యాహ్నం బాపట్ల నుంచి చీరాల వైపు పోతుంటే బండిలో వాదం మొదలైంది. మరిది అప్పటికి తేరుకున్నాడు. "వదినా, గంత భయమైతే ఇంట్ల కూసోవాలె గని, గింత దూరం వచ్చుడెందుకు?" అన్నాడు. దోస్తు కూడా తలూపాడు. మోకాళ్ల లోతులో నిలబడి ఫోటోలు దిగి పోవడానికి రెండువందల కిలోమీటర్లా అని వాళ్ల బాధ.

నేను ఆ మాట ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆ రోజు మాకు సముద్రం ఇచ్చిందంతా మోకాళ్ల లోతులోనే ఇచ్చింది. మనసు కుదుటపడ్డాక ఆ జాలర్లు మా పిల్లల్ని పిలిచి తాడు చేతికిచ్చారు. అలివి వల ఒక కొస ఒడ్డు మీద ఉంచి, పడవలో చుట్టూ తిప్పి రెండో కొస ఇంకోచోట ఒడ్డుకు తెస్తారు. రెండు వైపులా జనం వెనక్కి నడుస్తూ లాగుతారు. మా చెల్లె బిడ్డ, తొమ్మిదేళ్లది, అరచేతులు ఎర్రబడేదాకా లాగింది. వల ఒడ్డెక్కినప్పుడు అందులో వెండిలా మెరిసే చిన్న చేపలు గంపెడు. ఇంత కష్టానికి ఇంతేనా అని అది అడిగింది. ఒక్కోరోజు ఇంత కూడా పడదమ్మా అన్నాడు పెద్దాయన. పూణె తిరిగిపోయాక దాని స్కూల్లో సెలవుల గురించి రాయమంటే ఆ తాడు గురించే రాసింది.

అమ్మను తడి ఇసుక దాకా నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాం. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. అక్కడి బాయిల నీళ్లలో ఫ్లోరైడు ఎంతో అందరికీ తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. చిన్నప్పుడు ఆ నీళ్లే తాగి పెరిగిన ఆమెకు మోకాళ్లు, నడుము బిగుసుకుపోయాయి, వంగలేదు. అల వచ్చి పాదాలు తడిపినప్పుడు చిన్నపిల్ల లాగా కాళ్లు పైకెత్తింది. తర్వాత నన్ను దోసెడు నీళ్లు తెమ్మంది. నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. "ఇన్ని నీళ్లున్నయి. ఒక్క బుక్కెడు తాగనీకి లేవు. మా బాయిల లెక్కనే" అంది. చాలాసేపు దూరంగా చూస్తూ కూర్చుంది. పదేపదే అందరినీ లెక్కపెట్టడం గమనించాను. వేళ్లు మడుస్తూ, పన్నెండు అయ్యేదాకా.

అప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పిల్లలు బాయిలో ఈత కొడుతుంటే ఆమె గడ్డ మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ తలలు లెక్కపెట్టేది. ఒక్క తల తక్కువైతే కేక వేసేది. ఊళ్లో ఎవరు ఈతకు పోయినా గడ్డ మీద ఒకరు ఉండాల్సిందే. ఆ ఏర్పాటు మన పద్ధతే, ఎక్కడి నుంచో తెచ్చుకోనక్కరలేదు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి అందరం ఒకేసారి నీళ్లలోకి ఉరుకుతాం, మిగిలినవాళ్లం ఫోన్లు పట్టుకుంటాం. చుట్టాలను పిలిచినవాళ్ల బాధ్యత అన్నం పెట్టడంతో తీరదు. నీళ్ల దగ్గర గడ్డ మీద కూర్చునే మనిషి ఎవరో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరాలి. ఆ మనిషి ఫోన్ చూడకూడదు, తడవకూడదు.

చీరాల దగ్గరి వాడరేవు ఒడ్డున సాయంత్రం దాకా ఉన్నాం. పడవలు ఒడ్డున ఆగి ఉన్నాయి, వలలు ఆరేసి ఉన్నాయి. ఎవరూ నీళ్లలో దిగలేదు, దిగుదామని పిల్లలు అడగలేదు కూడా. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, సకినాలు ఇసుక మీద చాప పరుచుకుని తిన్నాం. పిల్లలు ఆల్చిప్పలు ఏరుకున్నారు. చీరాలలో చెల్లె చీర కొన్నది. చీరాల నేతకూ మా వైపు పుట్టపాకకూ ఒక బంధం ఉంది. నూనెలో నూలు నానబెట్టి నేసే తేలియా రుమాలు పుట్టింది చీరాలలో. ఆ పని తర్వాత మా పుట్టపాకకు వచ్చి అక్కడ నిలిచింది. ఒకప్పుడు జాలర్లు ఆ రుమాళ్లను లుంగీలుగా, తలపాగాలుగా కట్టుకునేవారట. ఈ సంగతి చెబుతుంటే మరిది శ్రద్ధగా విన్నాడు. పొద్దుటి నుంచి ఆయన అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎరగను.

రాత్రి వాడపల్లి వంతెన మీద బండి మెల్లగా పోతుంటే, మా అబ్బాయి నిద్రలోంచి లేచి కిటికీలోంచి కృష్ణను చూశాడు. "ఈ నీళ్లు పోయేది అక్కడికేనా?" అని అడిగాడు. కొంత మా పొలాలకు, కొంత గుంటూరు పొలాలకు, మిగిలింది హంసలదీవి దగ్గర సముద్రంలోకి అని చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

వచ్చే డిసెంబర్‌లో మళ్లీ వస్తామని మొన్న చెల్లె ఫోన్ చేసింది. పక్క నుంచి మరిది ఫోన్ తీసుకున్నాడు. "వదినా, సముద్రానికి పోదాం గని, ఈసారి గడ్డ మీద ఎవరుంటరు? నేనుంటనా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే, స్పీకర్లో వింటున్న అమ్మ అందుకుంది.

"నేనుంట. నాకు మోకాళ్లు వంగవు గని, కండ్లు మంచిగనే కనబడ్తయి."